సొన్నమ్మకు రాని ఆవలింత

సొన్నమ్మకు కోపం ఎక్కువని ఎర్రబండపల్లిలో అందరికీ తెలుసు. కోపం వస్తే అరుస్తుంది, అరిచాక చల్లబడుతుంది, సాయంత్రానికి తనే పిలిచి మజ్జిగ ఇస్తుంది. అందుకే ఊళ్లో ఆమె కోపాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆ వేసవిలో వచ్చిన కోపం మాత్రం వేరు. అది ఆమెను అరవనివ్వలేదు, చల్లబడనివ్వలేదు.

ఊరికి దగ్గర్లోని శ్రీనివాసపురం చుట్టుపక్కల మామిడితోటలున్నవాళ్లకు వేసవి పండగ. తోటల్లేనివాళ్లకు పాల డైరీయే దిక్కు. సొన్నమ్మ, ఆమె మొగుడు వెంకటరామప్ప రెండు సంకరజాతి సీమావుల పాల మీద బతికేవాళ్లు. గోడకు అవతల వెంకటరామప్ప అన్న దొడ్డమునియప్ప, అతని భార్య చిన్నవెంకటమ్మ కాపురం. వాళ్లకూ ఒక సీమావు ఉండేది. నల్లమచ్చల ఆవు, ఊరు మొత్తంలో ఎక్కువ పాలిచ్చేది అదే. తోడికోడళ్లిద్దరి మధ్యా తగాదాలేమీ లేవు. గోడ మీదుగా పులుసు గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

ఆ నల్లమచ్చల ఆవు ఒక పొద్దున ఈనింది. ఆడదూడ. చిన్నవెంకటమ్మ గోడ మీద నుంచే కేకేసి చెప్పింది. సొన్నమ్మ వెళ్లి చూసి, దూడ ముక్కు తుడిచి, జున్నుపాలు తెచ్చుకుంది. దీపాలు పెట్టే వేళకు అవతలి నుంచి మళ్లీ కేక వినబడింది. ఈసారి అది సంతోషపు కేక కాదు.

సొన్నమ్మ, వెంకటరామప్ప పరుగున వెళ్లారు. ఆవు కూలబడి ఉంది. లేవబోయి లేవలేక, మెడ వెనక్కి మడిచి తల డొక్క మీద వాల్చుకుంది. సొన్నమ్మ దాని చెవి పట్టుకుంది. బిందె అడుగులా చల్లగా తగిలింది.

"బావా, దీని చెవులు సల్లబడిపోయినాయి. పశువుల డాక్టరమ్మకు ఫోన్ చెయ్యండి" అంది.

"అక్కయమ్మను పిలిపించినాను" అన్నాడు దొడ్డమునియప్ప. "పొద్దున్నుంచి ఎంతమంది వచ్చి చూసి పోయినారో! దిష్టి తగిలింది, ఇంగేముండాది."

"దిష్టి తీస్తే తీయించండి, వద్దన్లేదు. ఫోన్ కూడా చెయ్యండి బావా."

"ముందు దిష్టి తీయనీ. దాని తర్వాత చూస్తాం" అంది చిన్నవెంకటమ్మ. భయంతో దూడను ఒళ్లోకి లాక్కుంది.

అక్కయమ్మ వచ్చింది. ఆమె దిష్టి తీస్తే తిరుగులేదని చుట్టుపక్కల ఊళ్లలో కూడా పేరు. బక్కపలచని ముసలామె, పెద్ద నోరు. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు, చీపురుపుల్లలు పట్టుకుని ఆవు చుట్టూ తిప్పింది. ఏదో గొణిగింది. ఆపైన ఆవలించింది. దవడలు పగిలిపోతాయేమో అన్నంత పెద్ద ఆవలింత. కళ్ల నుంచి నీళ్లు కారాయి. మళ్లీ ఆవలించింది.

"అబ్బా, ఎంత దిష్టి తగిలిందే తల్లీ!" అంది చిన్నవెంకటమ్మ. అంటూనే ఆమె కూడా ఆవలించింది. దొడ్డమునియప్ప ఆవలించాడు. గడప దగ్గర నిలబడ్డ ఇరుగుపొరుగు ఒకరి వెనక ఒకరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వెంకటరామప్ప తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆఖరికి వాకిట్లో పడుకున్న కుక్క కూడా నాలుక బయటికి చాపి ఆవలించింది.

సొన్నమ్మ అదేమీ చూడలేదు. ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గోనెపట్టాతో దాని కాళ్లు రుద్దుతోంది. కాస్త వెచ్చబడితే లేస్తుందేమోనని ఆమె ఆశ. ఉన్నట్టుండి చుట్టూ మాటలు ఆగిపోయాయి. తలెత్తితే అందరూ తనవైపే చూస్తున్నారు.

"అందరికీ వచ్చింది" అంది చిన్నవెంకటమ్మ. "కుక్కకు కూడా వచ్చింది. నీకేల రాలేదు?"

"ఏమి?"

"ఆవలింత."

సొన్నమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. "నాకు నిద్ర రాలేదక్కా. నీ ఆవును చూడు ముందు."

"దిష్టి బయటికి పోయేటప్పుడు అందరి నోట్లో నుంచి పోతాది. పెట్టినదాని నోట్లో నుంచి మాత్రం పోదు" అంది చిన్నవెంకటమ్మ. "పొద్దున జున్నుపాలు పోసేటప్పుడు నువ్వు దాని పొదుగును ఎట్ల చూసినావో నేను చూసినాను సొన్నా."

దిష్టి పెట్టినదానికి ఆవలింత రాదన్న మాట అంతకు ముందు ఆ ఊళ్లో ఎవరూ విని ఉండలేదు. చిన్నవెంకటమ్మ భయంలో అప్పటికప్పుడు అల్లిన మాట. మర్నాటికల్లా అది తాతల నాటి మాట అయిపోయింది.

సొన్నమ్మ అక్కయమ్మ వైపు చూసింది. ఆమె ఒక్క మాట చెబితే చాలు. కాదని తల ఊపినా చాలు. అక్కయమ్మ గుప్పిట్లోవన్నీ నిప్పుల్లో పడేసి, కొంగు దులుపుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయింది. సొన్నమ్మ మొగుడి వైపు చూసింది. వెంకటరామప్ప తువ్వాలు భుజాన వేసుకుంటూ, "రాయే, ఇంటికి పోదాం" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

తెల్లవారేసరికి ఆవు చచ్చిపోయింది.

*

డైరీ దగ్గర పాలు పోసే వరసలో సొన్నమ్మ నిలబడితే ముందున్నవాళ్లు క్యాన్ల మీద కొంగులు కప్పుకోసాగారు. ఎవరూ ఏమీ అనరు. ఆమె తల తిప్పేలోపల మూత బిగిసిపోతుంది. వీధిలో నడిచి వెళ్తుంటే వాకిళ్లలో కట్టేసిన దూడల్ని లోపలికి తోలుకుపోయేవాళ్లు. డైరీ సెక్రెటరీ అంజినప్ప మంచివాడే. అతనే ఒక రోజు పక్కకు పిలిచి, "సొన్నమ్మా, నువ్వు అందరి తర్వాత వచ్చి పొయ్యమ్మా. సుమ్నె, ఊరికే గలాటా ఏల?" అన్నాడు.

సొన్నమ్మ మూడు మాటలు అనబోయి ఒక్కటీ అనలేదు. ఆ రోజు నుంచి ఆఖరున పోసింది.

ఇంట్లో వెంకటరామప్పకు రాగిముద్ద పెట్టేటప్పుడు కంచం నేల మీద చప్పుడయ్యేలా పెట్టేది. అతను కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం అడిగేశాడు.

"నా మీద ఏల కోపం? నేనేమన్నాను?"

"ఏమీ అన్లేదు. అదే కోపం" అంది సొన్నమ్మ. "వాళ్లతో పాటు నువ్వు కూడా ఆవలించినావు."

"వచ్చింది, ఆవలించినాను. ఆవలింత ఆపుకొనేదానికి అయితాదా?"

"ఆవలింత ఆపుకోలేవు. సరే. నోరు అంత పెద్దగా తెరిచినావు కదా, అదే నోటితో 'నా పెండ్లాం అట్లాంటిది కాదు' అని ఒక్క మాట చెప్పలేకపోయినావే! దానికి నోరు తెరుచుకోలేదా?"

వెంకటరామప్ప ముద్ద విరిచి పులుసులో ముంచి, తినకుండా అట్లాగే పట్టుకున్నాడు. "మా అన్న కదే" అన్నాడు చివరికి.

"నేనెవురు?"

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సొన్నమ్మ కొట్టంలోకి వెళ్లి, తన ఆవు మెడ మీద ముఖం పెట్టుకుని, ఏడుపు రానందుకు ఇంకా మండిపడింది.

గోడ అవతల తల్లిలేని దూడ అరుస్తూనే ఉండేది. సొన్నమ్మ ఒక రోజు గిన్నెడు పాలు గోడ మీద పెట్టింది. సాయంత్రం చూస్తే పాలు అట్లాగే ఉన్నాయి, పైన చీమలు. ఆ గిన్నెను కాలువలో బోర్లించింది. మళ్లీ పెట్టలేదు.

*

ఆ నెలాఖరులో గాలికుంటు టీకాలు వేయడానికి పశువుల డాక్టరు వత్సల వచ్చింది. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, శ్రీనివాసపురంలో ఉద్యోగం. ఆవుల్ని గద్దించినట్టే మనుషుల్నీ గద్దించేది, అందుకే ఊళ్లో ఆమెంటే గౌరవం. ఇంటింటికీ తిరుగుతూ ఆమె సొన్నమ్మ కొట్టానికి వచ్చింది. రెండు ఆవులకూ సూది వేశాక సొన్నమ్మ నీళ్ల చెంబు అందించి, అడిగేసింది.

"డాక్టరమ్మా, ఒకరు ఆవలిస్తే ఇంగొకరికి ఏల వస్తాది?"

వత్సల నవ్వబోయింది. సొన్నమ్మ ముఖం చూసి ఆగింది. "ఏల అడుగుతా ఉన్నారు?"

సొన్నమ్మ జరిగిందంతా చెప్పింది. వత్సల మధ్యలో ఒక్కసారే ఆపింది. "మెడ డొక్క మీదికి తిప్పిందా? చెవులు సల్లగా ఉన్నాయా?" అని అడిగి, పెదవి కొరుక్కుంది. తర్వాత అరుగు మీద కూర్చుంది.

"ఆవలింత అంటుకునేది నిజమే. మనుషులకే కాదు, కోతుల్లోనూ ఉండాది. ఇంటివాళ్లు ఆవలిస్తే కుక్క కూడా ఆవలిస్తాది. ఎందుకని అడిగితే, చదివినోళ్లు కూడా ఇంకా సరిగ్గా తేల్చలేదు. చాలామంది చెప్పేది ఏమంటే, దగ్గరివాళ్ల ఆవలింత తొందరగా అంటుతాది. కన్నవాళ్లది, తోడబుట్టినోళ్లది, స్నేహితులది. ముక్కూ ముఖమూ తెలియనివాళ్లది అంత తొందరగా అంటదు. ఒకరి మనసు ఇంగొకరికి తెలిసే దారి ఏదో అందులో ఉండాదని..."

"అంటే వాళ్ల మీద నాకు ప్రేమ లేదు, అందుకే రాలేదంటారా?" సొన్నమ్మ లేచి నిలబడింది. "చిన్నవెంకటమ్మక్క దిష్టి అనింది. మీరు ప్రేమ లేదంటారు. మీ పుస్తకం కూడా నన్నే తప్పు పట్టిందా? ఇంతమందికి వచ్చింది, నాకు రాలేదు కాబట్టి నేను మనిషిని కానా? కుక్క కన్నా హీనమా?"

అన్నాళ్లుగా రాని అరుపు అప్పుడు వచ్చింది. ఆవులు బెదిరి పక్కకు జరిగాయి. వత్సలకు కోపం రాలేదు.

"కూర్చోండి సొన్నమ్మా. తప్పు నాదే, సగం చెప్పినాను. ఆవలింత అందరికీ అంటదు. ఎంత ప్రేమున్నా అంటనివాళ్లు ఉన్నారు. పసిబిడ్డలకు అంటదు, బడి వయసు వచ్చేదాకా. దాన్ని పట్టుకొని మనిషి మంచీ చెడ్డా చెప్పేదానికి లేదు. అది సరే, ఒకటి అడుగుతా చెప్పండి. అక్కయమ్మ ఆవలించేటప్పుడు మీరు ఎవరిని చూస్తా ఉన్నారు?"

"ఎవురిని చూసేది? ఆవును."

"చూడనిది ఎట్ల అంటుతాది?"

సొన్నమ్మ మళ్లీ కూర్చుంది.

"మా నాన్న కేజీఎఫ్ బంగారు గనుల్లో గుమాస్తా" అంది వత్సల. "గనులు సర్కారు చేతికొచ్చినాక చేరి, మూసేదాకా ఉన్నాడు. కిందికి దిగేవాళ్లు ఆయనకు చెప్పేవాళ్లంట. పొద్దున షిఫ్టుకు కేజ్‌లో దిగేటప్పుడు, అదే ఆ ఇనప బోనులో, ఒకడు ఆవలిస్తే అడుక్కి పోయేలోపల బోనంతా ఆవలిస్తాదంట. కొత్తగా చేరినోడు మాత్రం ఆవలించడంట. వాని ప్రాణమంతా పైనున్న తాడు మీద ఉంటాది కదా. ఆ పొద్దు మీ ప్రాణం ఆవు మీద ఉండింది. అంతే."

ఆమె చెంబు కింద పెట్టి లేచింది. వెళ్లబోతూ ఆగింది. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించినట్టు కనిపించింది.

"దానికి వచ్చింది పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు సల్లబడిపోతాది. ఈనగానే ఒంట్లో ఉన్న సున్నమంతా పాలలోకి దిగిపోయి ఆవు కూలబడిపోతాది. ఆ సాయంత్రం ఫోన్ చేసుంటే ఒక సీసా కాల్షియం ఎక్కించి ఉంటాను. సీసా అయిపోయేలోపలే లేచి నిలబడేవి కూడా ఉన్నాయి."

అప్పటిదాకా సొన్నమ్మ కోపం తన కోసం. ఆ మాట విన్నాక అది ఆవు కోసం కూడా అయింది. ఇంతమంది చుట్టూ నిలబడి నోళ్లు తెరుచుకుని ఉంటే, వాళ్ల మధ్యలో ఆ మూగజీవి ఊరికే, అన్యాయంగా చచ్చిపోయింది. పైగా చంపింది తనేనట.

*

ఆమె నేరుగా అక్కయమ్మ ఇంటికి వెళ్లింది. ముసలామె వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది.

"అవ్వా, నీకు ఆవలింత దిష్టి వల్ల వస్తాదా, నువ్వు తెచ్చుకుంటావా?"

అక్కయమ్మ రాయి పక్కన పెట్టింది. "ఏమిటికి అడుగుతావు?"

"చెప్పు."

"చిన్నప్పటి నుంచీ అంతే. నోరు తెరిచి గొంతు వెనక్కి లాగితే వస్తాది" అంది అక్కయమ్మ, దాపరికం లేకుండా. "నాకొస్తే చుట్టూ ఉన్నోళ్లకు వస్తాది. వాళ్లకు వస్తే మనసు తేలికైతాది. తేలికైతే మంచిదే కదమ్మా. నేను ఎవురినీ మోసం చెయ్యలేదు."

"నా పేరు ఎత్తినప్పుడు ఏల నోరు మూసుకున్నావు?"

"నేను నీ పేరు ఎత్తలేదే."

"ఎత్తినోళ్లను కాదనలేదు కదా! నీ ఒక్క మాటకు ఊరంతా తల ఊపుతాది. నీకు తెలుసు. తెలిసీ కొంగు దులుపుకొని పోయినావు. రేపు పొద్దున డైరీ కాడికి రా. ఆ మాట అబద్ధమని అందరి ముందరా చెప్పు."

అక్కయమ్మ మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. "చెప్తే, నా ఆవలింత కూడా అబద్ధమేనా అంటారు. ఇంగ నన్ను ఏ గడప తొక్కనిస్తారు? ఈ వయసులో నాకు ఉండేది ఆ మర్యాద ఒక్కటే. నేను రాలేను తల్లీ."

"నీ మర్యాద నీకు ముఖ్యం. నాది ఎట్ల పోయినా పర్లేదు" అంది సొన్నమ్మ. తిరిగి చూడకుండా వచ్చేసింది.

*

మర్నాడు పొద్దున సొన్నమ్మ ఆఖరున వెళ్లలేదు. వరస నిండుగా ఉన్నప్పుడు వెళ్లి అందరికంటే ముందు, అంజినప్ప బల్ల ముందే క్యాను దించింది. వెనక గొణుగుడు మొదలైంది. అంజినప్ప, "సొన్నమ్మా, నేను చెప్పినాను కదమ్మా..." అంటున్నాడు.

ఆమె వెనక్కి తిరిగి వరసకు ఎదురుగా నిలబడింది. నోరు తెరిచి, అక్కయమ్మ చెప్పినట్టే గొంతు వెనక్కి లాగింది. మొదట ఉత్త నోరే తెరుచుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్లీ లాగింది. ఈసారి లోపలి నుంచి నిజమైన ఆవలింత వచ్చింది. అన్నాళ్లూ సరిగ్గా నిద్రలేని మనిషి ఆవలింత. దవడ పట్టేసింది, కళ్లు తడిశాయి.

వరసలో ముందున్నతను ఆవలించాడు. అతని వెనకామె ఆవలించింది. పొద్దున్నే లేచి పాలు పితికి వచ్చిన జనం, నిద్ర ఇంకా కళ్లలోనే ఉంది. వరస పొడుగునా నోళ్లు తెరుచుకుంటూ పోయాయి. బల్ల వెనక అంజినప్ప పాలు కొలిచే లోటా పట్టుకునే ఆవలించాడు. కొంతమందికి రాలేదు. వాళ్లు అటూ ఇటూ చూసుకున్నారు.

"ఇప్పుడు చెప్పండి!" సొన్నమ్మ గొంతు డైరీ గోడలకు తగిలి మోగింది. "యాడ ఉండాది దిష్టి? ఏ ఆవుకు తగిలింది? నేను ఆవలించినాను, మీరు ఆవలించినారు. అంతే కదా! ఇదో, ఈమె చంకలో బిడ్డ ఆవలించలేదు. ఈ పాలు తాగే బిడ్డ ఎవురి ఆవు మీద కన్ను వేసింది? చెప్పండి!"

బిడ్డ తల్లి గబుక్కున బిడ్డను కొంగులో దాచుకుంది. అప్పుడే ఎవరో వెనక్కి తిరిగి చూశారు. ఒకరిని చూసి ఇంకొకరు, అందరూ చూశారు. వరసలో ఆఖరున చిన్నవెంకటమ్మ నిలబడి ఉంది. ఆవు లేకపోయినా, దూడ కోసం డైరీలో పాలు కొనడానికి వచ్చింది. ఆమె పళ్లు గట్టిగా కరిచిపట్టింది. దవడ ఎముక బయటికి పొడుచుకొచ్చింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆవలింతను బలవంతంగా ఆపుకుంటోంది.

"చిన్నవెంకటమ్మకు రాలేదు" అన్నారెవరో మెల్లగా.

"అవునే, రాలేదు."

పక్కనున్నామె ఒక అడుగు దూరం జరిగింది. ఇంకొకామె తన క్యాను మీద కొంగు కప్పుకుంది.

సొన్నమ్మ ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే అయితే, అది ఇప్పుడు ఆమె చేతికే వచ్చింది. ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ కొంగు క్యాను మీద కప్పడం చూడగానే ఆమెకు అంతకు ముందెన్నడూ లేనంత కోపం వచ్చింది. వరస వెంబడి నడిచి వెళ్లి, ఆ కొంగును పట్టి లాగేసింది.

"సిగ్గు లేదా మీకు? నిన్న నేను, ఈ పొద్దు ఆమెనా? రేపు ఎవురు? ఆమె ఆవు దిష్టికి సావలేదు. నేను సంపలేదు, ఆమే సంపుకోలేదు. రోగం వచ్చింది. ఫోన్ చేసుంటే బతికుండేది, డాక్టరమ్మ చెప్పింది. మీరంతా ఆ పొద్దు వాకిట్లో ఉన్నారు. ఎవురి జేబులో ఫోన్ లేదు? ఒక్కరైనా తీసినారా? నోళ్లు తెరుచుకొని నిలబడినారు!"

చిన్నవెంకటమ్మ ముఖం తెల్లబోయింది. ఒక సీసా మందుతో ఆవు బతికేదన్న సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. చేతిలో గిన్నె వదిలేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుని అక్కడే కూలబడింది. సొన్నమ్మ ఆమెను లేపలేదు. వెళ్లి బల్ల ముందు నిలబడింది.

"కొలువు అంజినప్పా."

అంజినప్ప కొలిచాడు.

*

ఆ సాయంత్రం చిన్నవెంకటమ్మ వచ్చింది. గడప లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడింది.

"ఆ పొద్దు బాధలో అనేసినాను సొన్నా."

"బాధలో అన్నా అన్నట్లే అక్కా" అంది సొన్నమ్మ. "నీ బాధ నాకు తెలుసు. నేనే దాని కాళ్లు రుద్దతా ఉంటిని. అప్పుడు అన్నావు."

చిన్నవెంకటమ్మ వెనుతిరిగి వెళ్లిపోయింది. సొన్నమ్మ ఆమెను ఆపలేదు. ఆపి ఉండాల్సిందేమో అని తర్వాత అనిపించింది, కానీ మనసు ఒప్పుకోలేదు. వెంకటరామప్ప లోపల నుంచి అంతా విన్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. "యాడికి?" అంటే, "మా అన్న కాడికి. ఆ పొద్దు చెప్పాల్సిన మాట చెప్పొస్తాను" అన్నాడు. ఏం చెప్పాడో సొన్నమ్మ అడగలేదు. ఆ రాత్రి మాత్రం కంచం చప్పుడు కాకుండా పెట్టింది.

అక్కయమ్మను ఊళ్లో ఇప్పటికీ పిలుస్తూనే ఉన్నారు. దిష్టి తీస్తుంది, ఆవలిస్తుంది. సొన్నమ్మ ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతుంది. డైరీ గోడ మీద డాక్టరమ్మ నంబరు సున్నంతో పెద్ద అక్షరాల్లో రాయించాడు అంజినప్ప.

వానలు మొదలయ్యాక దొడ్డమునియప్ప ఒక ఎనుమును కొన్నాడు. గోడ మీద గిన్నెలు మళ్లీ తిరగలేదు. ఒక మధ్యాహ్నం ఆ గేదె పచ్చి జొన్న మేసి, ఎడమ డొక్క ఉబ్బి, ఊపిరాడక రొప్పడం మొదలుపెట్టింది. గోడ అవతల అరుపులు, ఉరుకులు. సొన్నమ్మ చేతిలో పని వదిలేసి గోడ దగ్గరికి వెళ్లింది. గోడ దాటలేదు. అక్కడి నుంచే గొంతెత్తి అరిచింది.

"బావా! ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"చేస్తా ఉండానమ్మా, చేస్తా ఉండాను" అన్నాడు దొడ్డమునియప్ప. ఫోన్ చెవి దగ్గరే ఉంది.

మోటారుబండి చప్పుడు వినబడేదాకా సొన్నమ్మ గోడ దగ్గరే నిలబడింది. వత్సల సంచి పట్టుకుని లోపలికి వెళ్లడం చూసింది. తర్వాత వెళ్లి తన ఆవులకు నీళ్లు పెట్టుకుంది.